నూట ఇరవయ్యో రోజు: అతుల్ గవాండే 'బెటర్' రెండోసారి చదివాక

అమ్మమ్మని డిశ్చార్జి చేసే రోజు పొద్దున్న యూనిఫాం వేసుకున్న ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకుని గదిలోకి వచ్చాడు. తెర మీద ఏడుపు నుంచి నవ్వు దాకా ఐదు మొహాలు. "మామ్మగారూ, మా సేవలు ఎలా ఉన్నాయో ఒకటి నొక్కండి," అన్నాడు. అమ్మమ్మకి అప్పుడు కళ్ళజోడు లేదు. "నువ్వే నొక్కు నాయనా, నీకేది మంచిదైతే అది," అంది. కుర్రాడు బాగా నవ్వుతున్న మొహాన్ని నొక్కి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ముదినేపల్లిలో పెరట్లో కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఊళ్ళో ఆరెంపీ చూసి, ఇది నావల్ల కాదు బాబూ అన్నాక, పేరు చెప్పడం అనవసరం, సిటీలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రాడ్డు వేశారు. ఆపరేషన్ సక్సెస్. ఇది డాక్టరుగారి మాట, డిశ్చార్జి కాయితం మీది మాట, మావయ్య ఊళ్ళో అందరికీ ఫోన్లో చెప్పిన మాట. తర్వాత కుట్లు విప్పడానికి ఒకసారి, ఎక్స్‌రేకి ఒకసారి వెళ్ళాం. ఎక్స్‌రే చాలా బాగుందన్నారు. ఎక్స్‌రేని లైటుకి పట్టి చూశారు గానీ, మనిషిని లేపి నాలుగడుగులు నడిపించి చూడలేదు. ఆ తర్వాత ఆ ఆస్పత్రి నుంచి మాకు వచ్చిన కబురు ఒకటే, పదకొండు నెలల తర్వాత, మాస్టర్ హెల్త్ చెకప్ మీద డిస్కౌంట్ ఉందని మెసేజి. అప్పటికి అమ్మమ్మ వాకర్ పట్టుకుని మంచం నుంచి అరుగు దాకా వస్తోంది. పడకముందు ఆవిడ రోజూ సాయంత్రం చెరువు గట్టు మీదుగా గుడి దాకా వెళ్ళొచ్చేది.

సరిగ్గా ఈ రెండింటికీ మధ్య కాలంలో నేను అతుల్ గవాండే 'బెటర్' రెండోసారి చదివాను. మొదటిసారి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో, హాస్టల్లో, ఒక్క రాత్రిలో చదివేశాను. అప్పుడు ఒక గొప్ప థ్రిల్లర్‌లా అనిపించింది. రెండోసారి అలా చదవలేకపోయాను. ఇది ఆ రెండో చదువు గురించి.

పుస్తకం 2007లో వచ్చింది. గవాండే బోస్టన్‌లో సర్జను, తండ్రి మహారాష్ట్ర నుంచి అమెరికా వెళ్ళిన డాక్టరు. పుస్తకం మూడు భాగాలు: శ్రద్ధ, ధర్మం, యుక్తి అని తెలుగులో చెప్పుకోవచ్చు. చేతులు కడుక్కోవడం దగ్గర మొదలుపెట్టి, కర్ణాటకలో పోలియో చుక్కల వాళ్ళ వెంట తిరిగి, యుద్ధరంగంలో సర్జన్ల దగ్గరికి, మరణశిక్ష అమలులో పాల్గొనే డాక్టర్ల దగ్గరికి వెళ్ళి, చివరికి నాందేడ్ సివిల్ హాస్పిటల్ దాకా వస్తాడు. అన్ని వ్యాసాల్లోనూ ఉన్న ప్రశ్న ఒకటే: తెలిసిన వైద్యమే అందరూ చేస్తున్నప్పుడు కొందరి ఫలితాలు మిగతావాళ్ళ కంటే ఎందుకంత బాగుంటాయి? ఆ తేడా తెలియాలంటే ముందు ఎవరో ఒకరు కొలవాలి కదా. ఆ కొలత గురించిన వ్యాసమే 'ది బెల్ కర్వ్'. పుస్తకం మొత్తానికి అదే గుండెకాయ.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పిల్లలకి పుట్టుకతో వచ్చే జబ్బు. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుపోయి మెల్లగా ప్రాణం తీస్తుంది. క్లీవ్‌లాండ్‌లో లెరాయ్ మాథ్యూస్ అనే డాక్టరు తన దగ్గర ఏడాదికి రెండు శాతం కంటే తక్కువమంది పిల్లలే చనిపోతున్నారని చెప్తే ఎవరూ నమ్మలేదు. 1964లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ వాళ్ళు వారెన్ వార్విక్ అనే మరో డాక్టరుకి పదివేల డాలర్లిచ్చి, దేశంలో ఉన్న 31 సెంటర్ల నుంచి ప్రతి పేషెంటు వివరాలూ తెప్పించమన్నారు. మాథ్యూస్ చెప్పింది నిజమేనని తేలింది. మిగతాచోట్ల పిల్లలు మూడేళ్ళకి పోతుంటే ఆయన దగ్గర ఇరవయ్యొక్కేళ్ళ దాకా బతుకుతున్నారు. లెక్క బయటపడ్డాక అందరూ ఆయన పద్ధతే పట్టుకున్నారు. 1972 కల్లా దేశం మొత్తం మీద సగటు పద్దెనిమిదేళ్ళకి పెరిగింది. మధ్యలో కొత్త మందేదీ దిగిరాలేదు. ఎవరు బాగా చేస్తున్నారో మిగతావాళ్ళకి తెలిసింది, అంతే.

ఇంతవరకు పాఠ్యపుస్తకంలా ఉంటుంది. గవాండే ఇక్కణ్ణుంచి కథ ఎత్తుకుంటాడు. దశాబ్దాల తర్వాత కూడా సెంటర్ల మధ్య తేడా పోలేదు. 2003లో దేశం సగటు 33 ఏళ్ళయితే, అన్నిటికంటే మంచి సెంటర్లో 47 దాటింది. అందరూ ఒకే గైడ్‌లైన్లు పాటిస్తున్నారు, అందరూ నిపుణులే. సిన్సినాటిలో ఒక పేరున్న పిల్లల ఆస్పత్రి తాము మధ్యస్థంగా ఉన్నామని తెలుసుకుని, ఆ సంగతి పేషెంట్ల తలిదండ్రుల్ని పిలిచి చెప్పేస్తుంది. తలిదండ్రులు అక్కణ్ణుంచి వెళ్ళిపోలేదు. ఈ సన్నివేశం నాకిప్పటికీ ఇష్టం. మన దగ్గర ఏ ఆస్పత్రైనా "మేం సగటు వాళ్ళమండీ" అని చెప్పడం ఊహించుకోండి.

ఆ తర్వాత మినియాపొలిస్‌లో, అదే వార్విక్ దగ్గర, ఇంకో సన్నివేశం. మందులు మానేసిన ఒక టీనేజీ అమ్మాయి. బాగానే ఉన్నాను కదా అంటుంది. ఆయన లెక్క చెప్తాడు. వైద్యం చేయించుకుంటే ఏ రోజుకారోజు జబ్బు పడకుండా ఉండే అవకాశం 99.95 శాతం, మానేస్తే 99.5 శాతం. వినడానికి రెండూ ఒకటే. ఏడాది పొడుగునా గుణించుకుంటూ పోతే మొదటిది 83 శాతం, రెండోది 16 శాతం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సర్వర్ అప్‌టైమ్‌లో ఎన్ని తొమ్మిదులున్నాయన్న దాని మీద మా ఉద్యోగాలే ఉంటాయి. హాస్టల్లో ఆ పేజీ చదివి లేచి క్యాలిక్యులేటర్ మీద చేసి చూసుకున్నాను. సరిపోయింది.

గవాండే గొప్పతనం ఇక్కడే ఉంది. అంకెని క్లైమాక్స్‌లా వాడగలడు. ముందు మనిషిని చూపిస్తాడు, ఆ మనిషి దగ్గుతుంటే వినిపిస్తాడు, అప్పుడు అంకెని పెడతాడు. మన వ్యాసకర్తలు చాలామంది అంకెతో మొదలుపెట్టి మనిషిని మరిచిపోతారు, లేకపోతే మనిషితో మొదలుపెట్టి అంకె ఊసే ఎత్తరు.

అయితే రెండోసారి చదువుతున్నప్పుడు నాకు వార్విక్ కంటే ఆ పదివేల డాలర్ల దగ్గర ఆగాలనిపించింది. ఆ డబ్బు ఎవరిచ్చారు? ఆ ఫౌండేషన్ 1955లో మొదలైంది. మొదలుపెట్టింది ఆ జబ్బున్న పిల్లల తలిదండ్రులు. అంటే ఆ లెక్క ఆస్పత్రులు తమంతట తాము మొదలుపెట్టింది కాదు, పిల్లలు చచ్చిపోతున్న అమ్మానాన్నలు అడిగించింది. గవాండే కథలో ఈ సంగతికి చోటు చాలా తక్కువ. ఆయన వెతుకుతున్నది హీరోని: పట్టువదలని, కొంచెం పిచ్చి ఉన్న, తన పని మీద తనకే అనుమానమున్న డాక్టరుని. అలాంటివాళ్ళు దొరికారు కూడా. దానివల్ల కొలత అనేది ఒక మనిషి సుగుణంలా కనబడుతుంది. పుస్తకం చివర యువ డాక్టర్లకి ఇచ్చిన ఐదు సలహాల్లో ఒకటి, ఏదో ఒకదాన్ని లెక్కపెడుతూ ఉండమని. మంచి సలహానే. కానీ ఎవరి కోసం లెక్కపెట్టాలి, ఎప్పటిదాకా లెక్కపెట్టాలి అన్నవి లెక్కపెట్టేవాడు ఒక్కడే తేల్చే విషయాలు కావు.

నా ఉద్యోగం గురించి చెప్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాదులో మా టీము అమెరికా ఆస్పత్రులకి క్వాలిటీ డాష్‌బోర్డులు కడుతుంది. 2012 అక్టోబరు నుంచి అక్కడ మెడికేర్ ఒక రూలు పెట్టింది. గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, న్యుమోనియా పేషెంట్లు ఇంటికెళ్ళిన 30 రోజుల్లోపు మళ్ళీ ఏ ఆస్పత్రిలో చేరినా మొదటి ఆస్పత్రి ఖాతాలో రాస్తారు. ఉండాల్సిన దానికంటే ఎక్కువమంది అలా తిరిగొస్తే మెడికేర్ చెల్లింపుల్లో కోత. మొదట్లో ఒక శాతం దాకా ఉండేది, తర్వాత మూడు శాతం దాకా పెంచారు. జబ్బుల జాబితా కూడా పెరిగింది, అందులో తుంటి, మోకాలి మార్పిడి కూడా చేరాయి. మా డాష్‌బోర్డులో ఆ గడి పసుపు నుంచి ఎరుపుకి తిరిగిందంటే అవతల మీటింగులు మొదలవుతాయి, ఇవతల మాకు అర్ధరాత్రి కాల్ వస్తుంది. ఇంటికెళ్ళిన పేషెంటుకి మూడో రోజు నర్సు ఫోన్ చేసిందా లేదా అన్నదానికి కూడా ఒక గడి ఉంది.

ఆ కోడ్ నేను రాశాను. నర్సు ఫోన్ గడి నేను రాశాను. అటువైపు ముదినేపల్లిలో మా అమ్మమ్మకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఇందులో ఏదో నాటకీయత ఉందని మొదట్లో నేనే మురిసిపోయి ఒక కథ రాద్దామనుకున్నాను. తర్వాత మా టేబుల్ నిర్వచనాలు తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. తుంటి మార్పిడి గడిలో ముందే అనుకుని చేయించుకున్న ఆపరేషన్లే ఉంటాయి. పడి, ఎముక విరిగి వచ్చినవాళ్ళు అందులోకి రారు. అంటే అమ్మమ్మ ఒహాయోలో పడినా నేను రాసిన ఆ గడిలోకి రాదు. కథ రాయడం మానేశాను.

మరి వచ్చేది ఎక్కడ? ఇంగ్లండులో. 2007లో మొదలైన నేషనల్ హిప్ ఫ్రాక్చర్ డేటాబేస్ అచ్చంగా పడి తుంటి విరిగిన వృద్ధుల కోసమే. 36 గంటల్లోపు ఆపరేషన్ జరిగిందా, 30 రోజులకి మనిషి బతికున్నారా అనేవి ఎటూ ఉంటాయి. నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం ఇంకొకటి. ఆపరేషనైన 120వ రోజున ఆరా తీస్తారు: పడకముందు ఏ ఇంట్లో ఉన్నారో మళ్ళీ అక్కడికే చేరారా? ఎలా నడుస్తున్నారు? ఈ ప్రశ్న మా అమ్మమ్మని గానీ, మమ్మల్ని గానీ అడిగి ఉంటే ట్యాబ్‌లో ఆ నవ్వుమొహం పక్కన ఇంకేదో పడి ఉండేది.

కొలత ఎక్కడ ఆగిపోతుందో చూస్తే ఆ ఆస్పత్రి ఎవరికి జవాబుదారీగా ఉందో తెలుస్తుంది. డిశ్చార్జి దగ్గర ఆగితే, డబ్బు కట్టేవాడికి. 30 రోజుల దగ్గర ఆగితే కూడా, కాస్త తెలివైన డబ్బు కట్టేవాడికి. 120వ రోజు దాకా వెళ్తే, నడవాల్సిన మనిషికి. గవాండే పుస్తకంలో నాకు దొరకని వాక్యం ఇది. ఆయన దాని చుట్టూ తిరుగుతాడు, ఒక వ్యాసంలో అయితే దాదాపు తాకుతాడు.

ఆ వ్యాసం 'ది స్కోర్'. కాన్పుల గురించి. వర్జీనియా ఆప్గార్ అనే మత్తుమందు డాక్టరు 1953లో పుట్టిన బిడ్డకి పది మార్కుల పరీక్ష పెట్టింది. రంగు, గుండె వేగం, ఏడుపు, కదలిక, ఊపిరి, ఒక్కొక్కదానికి రెండు మార్కులు. అంతకుముందు ఇది బతకదులే అని పక్కన పెట్టేసిన పిల్లల్ని, మార్కు వెయ్యాల్సి రావడంతో, బతికించే ప్రయత్నం మొదలుపెట్టారు. ఒక చిన్న అంకె ఇంతమంది పిల్లల్ని కాపాడిన ఉదాహరణ ఇంకోటి ఉండదేమో. గవాండే అక్కడితో ఆగడు. బిడ్డకి మార్కులున్నాయి గానీ తల్లికి, బతికిందా లేదా అన్నది తప్ప, నొప్పికీ నెత్తురుకీ కోలుకోవడానికీ మార్కుల్లేవంటాడు. బిడ్డ మార్కు గ్యారంటీగా బాగుండాలంటే సిజేరియన్ సులువైన దారి. చేతి నైపుణ్యం కావలసిన ఫోర్సెప్స్ లాంటివి అలా వెనక్కి పోయాయని చెప్తాడు.

ఇది చదువుతూ మన అంకెలు తలుచుకోకుండా ఉండలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. 10, 15 శాతం దాటితే సమర్థించుకోవడం కష్టమని 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు అన్నారు. రెండో వైపు కూడా చెప్పాలి. ప్రసూతి మరణాలు 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి దేశంలో 97 ఉంటే ఆంధ్రలో 45, తెలంగాణలో 43. మా అమ్మమ్మ తరంలో కాన్పంటే చావుతో చెలగాటం. ఆవిడ తోడికోడలు పురిట్లోనే పోయింది. ఆ 45ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. కానీ ఆ రెండు రాష్ట్రాల్లో కోత పడ్డ ఆడవాళ్ళు ఎన్నాళ్ళకి నడుం నొప్పి లేకుండా బిందె ఎత్తారో ఎవరైనా రాసుకున్నారా? మా పిన్ని కూతురికి రెండు కాన్పులూ కోతే. "మళ్ళీ నా ఒళ్ళు నాకెప్పుడొచ్చిందో ఎవరూ అడగలేదు అన్నయ్యా," అంది, నేను దీని గురించి రాస్తున్నానంటే. గవాండే పేజీన్నరలో చెప్పింది ఆ ఒక్క ముక్కలో ఉంది.

మనకి లెక్కలు రాయడం రాక కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీనే చూడండి. తెల్లకార్డు ఉన్నవాళ్ళు గుండె ఆపరేషన్ చేయించుకోగలరన్నది అంతకుముందు ఊహకందని మాట. మా ఊరి చుట్టుపక్కల దానివల్ల బతికినవాళ్ళని నేనెరుగుదును. కంప్యూటర్ మీద నడిచే పథకంగా కూడా అది చాలా ముందుంది: ఆపరేషన్‌కి ముందు అనుమతి, స్కాన్ చేసిన ఎక్స్‌రేలు, ఫోటోలు. ఆ ఫైలు ప్రధానంగా నిరూపించాల్సింది ఏమిటి? జబ్బు ఉందని, ఆపరేషన్ జరిగిందని, మనిషి ఇంటికెళ్ళాడని. మోసం జరగకుండా చూడ్డానికి అవన్నీ కావాలి. "చేశారా?" అన్నదానికి అది గట్టి సాక్ష్యం. "నయమైందా?" అన్నది వేరే ప్రశ్న. "చెయ్యాల్సిందేనా?" అన్నది ఇంకా వేరే. పథకం తొలి ఏళ్ళలో గర్భసంచి ఆపరేషన్ల మీద అంత గొడవ జరిగి తర్వాత ఆంక్షలు పెట్టాల్సి వచ్చిందంటే, ఆ మూడో ప్రశ్న ఫైల్లో సరిగ్గా లేకపోబట్టే.

కుష్ఠువ్యాధి సంగతి ఇంకా విచిత్రం. మన నవలాకారుడు డాక్టర్ కేశవరెడ్డి డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆయన నవలలు చదివినప్పుడల్లా ఆ ఆస్పత్రి వరండా నా ఊహలోకి వస్తుంది. పదివేలమందికి ఒక కేసు కంటే తగ్గిందని 2005 డిసెంబరులో, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు దేశంలో అంతమైందని ప్రకటించారు. ఆ కొలతలో ఒక మెలిక ఉంది. మందుల కోర్సు పూర్తయితే రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. వంకరపోయిన వేళ్ళు, స్పర్శలేని పాదం మీద పుండు అలాగే ఉండొచ్చు, మనిషి మాత్రం కేసు కాదు. క్రిమి లెక్కలోంచి పోయింది, చెయ్యి మనిషి దగ్గరే ఉండిపోయింది.

ఈ గోలంతా ఒకసారి మావయ్యతో వాదించాను. మావయ్యకి ముదినేపల్లి దగ్గర ఆరెకరాల రొయ్యల చెరువుంది. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని నాలుగింటికి లేచి ఏరియేటర్లు చూసుకుంటాడు. చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసి తర్వాతి పూట మేత కోస్తాడు. వారానికోసారి విసురువల వేసి, పట్టినవి తూసి, కిలోకి ఎన్ని తూగాయో పుస్తకంలో రాస్తాడు. దాన్నే కౌంట్ అంటారు. ముప్పై కౌంటుకి ఒక రేటు, వంద కౌంటుకి ఒక రేటు. నేను ఆయనకి అవెడిస్ డోనబీడియన్ గురించి చెప్పాను. బీరూట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన డాక్టరు, 1966లో వైద్యం నాణ్యతని మూడు చోట్ల చూడాలన్నాడు: ఏర్పాట్లు, చేసే పద్ధతి, వచ్చిన ఫలితం. మావయ్య వెంటనే, "చెరువూ ఏరియేటర్లూ మొదటిది. మేత వేళకి వెయ్యటం రెండోది. పట్టుబడి మూడోది. ఇందులో కొత్తేముందిరా?" అన్నాడు. కాసేపాగి, "మన వాళ్ళు చెరువులో పిల్ల వదిలిన రోజే పంట పండిందని రాసేసుకుంటున్నారన్నమాట," అన్నాడు.

డోనబీడియన్‌ని ఇంత బాగా వివరించిన వ్యాసం నేను చదవలేదు. గోడల మీద వేలాడే అక్రెడిటేషన్ సర్టిఫికెట్లలో ఎక్కువ భాగం మొదటి రెండింటి గురించే. మంటలార్పే సిలిండరు ఉందా, నర్సు చేతులు కడుక్కుందా అన్నవి. అవీ కావాలి, కాదనను.

అక్కడే మావయ్య ఇంకో మాట కూడా అన్నాడు, అది నన్ను ఇరుకులో పెట్టింది. "కౌంట్ కోసమే పెంచేవాడు బలహీనంగా ఉన్న చెరువు ముట్టుకోడు. మంచి నీళ్ళున్న చెరువే లీజుకి తీసుకుంటాడు." సరిగ్గా ఇదే అమెరికాలో జరిగిందన్న వాదన ఉంది. 1990ల మొదట్లో న్యూయార్క్ రాష్ట్రం బైపాస్ సర్జన్ల మరణాల లెక్కలు పేర్లతో సహా బయటపెట్టింది. మరణాలు తగ్గాయి. మొండి కేసులు తీసుకోవడానికి సర్జన్లు జంకుతున్నారన్న ఆరోపణ కూడా అప్పుడే మొదలైంది, ఆ తగువు ఇప్పటికీ తేలలేదు. ఎనభై దాటిన అమ్మమ్మ లాంటివాళ్ళు ఎవరి స్కోరునైనా పాడుచేసే మనుషులే. 120వ రోజు ప్రశ్న రేపు మన ఆస్పత్రుల మీద రుద్దితే, మొదట మూసుకునేది ఆవిడ ముందున్న తలుపే కావచ్చు. వయసునీ ముందున్న జబ్బుల్నీ లెక్కలో కలుపుకోకుండా పెట్టే ర్యాంకులు ప్రమాదకరమైనవి. దీనికి గవాండే దగ్గర జవాబుందా అని వెతికాను. సిన్సినాటి కథలో పేషెంట్లు నిజం విని కూడా ఉండిపోయారన్నదే ఆయన జవాబు. మంచివాళ్ళ కథ అది. పోటీలో ఉన్న రెండు కార్పొరేట్ ఆస్పత్రుల కథ కాదు.

ఈ విషయంలో నాకు గవాండే కంటే ఆయన ఊరివాడే, ఆయన కంటే వందేళ్ళు ముందున్న ఎర్నెస్ట్ కోడ్‌మన్ ఎక్కువ నచ్చుతాడు. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జను. ప్రతి పేషెంటుకీ ఒక కార్డు రాసి, కనీసం ఏడాది తర్వాత మళ్ళీ పిలిచి చూసి, బాగుపడకపోతే ఎందుకో రాయాలన్నాడు. సర్జన్లకి సీనియారిటీ బట్టి కాకుండా ఫలితాల బట్టి పదవులివ్వాలన్నాడు. 1914లో ఆ ఆస్పత్రికి రాజీనామా చేశాడు. సొంతంగా ఒక చిన్న ఆస్పత్రి నడిపి, 337 మంది పేషెంట్లలో తాము చేసిన 123 పొరపాట్లని అచ్చువేయించాడు. 1915లో ఒక మీటింగులో బోస్టన్ ధనవంతుల్ని బంగారు గుడ్లు పెట్టే, ఇసుకలో తలదూర్చిన ఉష్ట్రపక్షిగా, పెద్ద డాక్టర్లని ఆ గుడ్లు అందుకునేవాళ్ళుగా చూపించే కార్టూను ప్రదర్శించి ఊరందరికీ శత్రువయ్యాడు. 1940లో పోయాడు, 2014 దాకా ఆయన సమాధికి రాయి లేదు. ఆయన్ని హీరో చెయ్యడం సులభమే, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను. కానీ ఆయన పట్టుబట్టిన గడువు చూడండి. ఏడాది. కుట్లు విప్పే రోజూ కాదు, ఎక్స్‌రే రోజూ కాదు.

పుస్తకం చివర్లో గవాండే నాందేడ్ వచ్చినప్పుడు నాకు నిజంగా చిరాకేసింది. అరకొర సామాన్లతో, రోజుకి వందలమందిని చూస్తూ, అక్కడి సర్జన్లు చేసే పని ఆయన్ని కట్టిపడేస్తుంది. టీ తాగుతూ కేసులు చెప్పుకునే ఆ ఇరుకు గది వర్ణన చాలా బాగుంటుంది. ఆ గదిని గౌరవించాల్సిందే. అయితే సిన్సినాటిని "మీ ర్యాంకెంత?" అని అడిగిన మనిషి నాందేడ్‌ని ఆ ప్రశ్న అడగడు. అక్కడ ఫలితం అడుగుతాడు, ఇక్కడ చాతుర్యాన్ని మెచ్చుకుంటాడు. పేదదేశం వాళ్ళ నేర్పు చూసి కళ్ళు చెమర్చడం ఒక రకమైన మర్యాద. కొలవకుండా వదిలేసే మర్యాద. మా అమ్మమ్మ ఆపరేషన్ చేసిన డాక్టరుగారు కూడా చాలా నేర్పరి, నాకందులో అనుమానమేం లేదు.

మన సాహిత్యం మీద కూడా ఇక్కడ ఒక ఫిర్యాదు ఉంది. తెలుగులో ఆస్పత్రి కథలు నేను చదివినంతలో ఎక్కువ భాగం ఐసీయూ తలుపు దగ్గరో, బిల్లు కౌంటరు దగ్గరో, చావు దగ్గరో ఆగిపోతాయి. బిల్లు మన కథల్లో స్థిరపడిపోయిన విలన్. మంచి డాక్టరు, చెడ్డ ఆస్పత్రి అనే జంట కూడా స్థిరపడిపోయింది. ఆపరేషనైన నాలుగో నెలలో, చుట్టాలు రావడం మానేశాక, ఫిజియోథెరపీకి ప్రతిసారీ గుడివాడ ఆటో మాట్లాడుకోలేక, వంట గదికి వెళ్ళలేని ఆడమనిషి ఇంట్లో స్థానం ఎలా మారిపోతుందో రాసిన కథ నాకింకా తారసపడలేదు. మన కథకులు కూడా డిశ్చార్జి దగ్గరే లెక్క మూసేస్తున్నారేమో. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, నేను వెతికి చదువుతాను.

నూట ఇరవయ్యో రోజున నేను అమ్మమ్మకి వీడియో కాల్ చేశాను. అప్పటికి ఇంగ్లండు వాళ్ళ ప్రశ్నలు చదివి ఉన్నాను. మావయ్య ఫోన్ పట్టుకున్నాడు. మంచం నుంచి గుమ్మం దాకా వాకర్‌తో పదకొండు అడుగులు. నేను పైకి లెక్కపెడుతుంటే, "ఒరేయ్, అడుగులు లెక్కపెట్టకురా, దిష్టి," అంది. లెక్కపెట్టడం మానేసినట్టు నటించాను. పదకొండు అని షీట్‌లో రాసుకున్నాను. ఇప్పటికీ నెలకోసారి రాస్తున్నాను. పోయిన నెల ఇరవై ఆరు. చెరువు గట్టు ఇంకా దూరమే.

పుస్తకం పూర్తయ్యాక ఆ ఆస్పత్రికి ఒక మెయిల్ పెట్టాను. మీ దగ్గర తుంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో ఎంతమంది నాలుగు నెలల తర్వాత ఎవరి సాయం లేకుండా నడుస్తున్నారు, అని ఒక్క ప్రశ్న. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఇంక ఇంతేలే అనుకున్నాను. తొమ్మిది రోజుల తర్వాత క్వాలిటీ డిపార్టుమెంటు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. గొంతు చాలా చిన్నది, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది. "సార్, ఆ డేటా మా దగ్గర ఉండదు సార్. ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా," అంది. తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి, ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను. "మీ దగ్గర ఫార్మాట్ ఏమన్నా ఉంటే పంపుతారా సార్?" అని అడిగింది.

ఆ రాత్రి ఒక పేజీ తయారుచేశాను. తెలుగులో, ఆరు ప్రశ్నలు, ఫోన్లో అడిగితే నాలుగు నిమిషాలు పడుతుంది. పడకముందు ఎక్కడిదాకా నడిచేవారు అన్నది మొదటిది. ఇప్పుడు ఎక్కడిదాకా అన్నది రెండోది. వయసుకీ, షుగరుకీ, బీపీకీ గడులు పెట్టాను, మావయ్య అన్న మాట గుర్తుంచుకుని. పంపి మూడు వారాలైంది. మెయిల్ తెరిచి చూసినట్టు నాకు కనిపిస్తోంది, రెండుసార్లు.